దండారీ పాట వినడానికి వెళ్తున్నారా? ఫోన్ జేబులోనే ఉంచి మొదలుపెట్టండి

దసరా వెళ్లి దీపావళి దగ్గర పడుతుంటే ప్రతి ఏడాదీ నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, గుస్సాడీ ఏ ఊళ్లో బాగుంటుంది, ఎన్నింటికి మొదలవుతుంది, డ్రోన్ తెచ్చుకోవచ్చా?" అని. దండారీ గోండుల పండుగ, గుస్సాడీ అందులో నెమలీకల టోపీలు పెట్టుకుని ఆడే ఆట. ఎన్నింటికి మొదలవుతుంది అని అడిగారంటేనే నాకు తెలిసిపోతుంది, వీళ్లు ప్రోగ్రామ్ చూడ్డానికి వస్తున్నారని. తప్పేం లేదు, నేనూ మొదటిసారి అలాగే వెళ్లాను. జైనూరు వైపు ఒక గోండు ఊరు, స్నేహితుడి మేనమామ ఇల్లు, చేతిలో కొత్త ఫోన్. పక్క ఊరి దండారీ గుంపు ఊళ్లోకి వస్తూ వాయించిన దరువు నాకు భలే నచ్చింది, రికార్డు నొక్కేలోపే ఆగిపోయింది, దాంతో వెళ్లి డోలు కొట్టే పెద్దాయనను "దాదా, ఇందాకటిది ఇంకోసారి కొట్టవా" అని అడిగాను. ఆయనకు కోపం రాలేదు, నవ్వనూ లేదు. "వచ్చేసినం గదా, ఇప్పుడు ఎవరికి కొట్టాలె?" అన్నాడు.

అది ఊళ్లోకి అడుగుపెడుతూ కొట్టే దరువు. ఊళ్లోకి రావడం అయిపోయాక ఇక దానికి పని లేదు. ఇది బుర్రకెక్కడానికి నాకు మూడు నాలుగేళ్లు పట్టింది. మీకు అన్నేళ్లు పట్టకూడదని ఇది రాస్తున్నా. అక్కడ వినబడే ప్రతి మోతనూ "ఇది ఎవరికి?" అని అడుగుతూ వినండి. దేవుడికా, ఎదురొచ్చిన ఊరివాళ్లకా, వరుసైన వాళ్లకా, చనిపోయిన పెద్దలకా అన్నది తెలిస్తే మిగతాది దానంతటదే అర్థమవుతుంది.

ముందు ఎప్పుడు, ఎక్కడ అన్నది చూద్దాం. రాజ్‌గోండులు, కోలాములు ఉన్న పాత ఆదిలాబాద్ జిల్లా అంతటా, అంటే ఇప్పటి ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్, మంచిర్యాల, నిర్మల్ జిల్లాల్లోని గూడేల్లో ఆశ్వయుజ పౌర్ణమి తర్వాత దండారీ మొదలై దీపావళితో ముగుస్తుంది. మొదటి రోజు పూజను భోగి అంటారు (మన సంక్రాంతి భోగితో దీనికి సంబంధం లేదు), చివరిదాన్ని కోలబోడి అంటారు. ఒక్కో ఊరు తన తేదీ తాను పెట్టుకుంటుంది, కాబట్టి మంచిర్యాల జిల్లా దండేపల్లి మండలం గుడిరేవులో పద్మల్‌పురి కాకో దగ్గరికి గుంపులు ఎప్పుడొస్తాయో, మీరు వెళ్లే ఊళ్లో భోగి ఎప్పుడో అక్కడి మనిషినే అడగాలి. ఇంటర్నెట్‌లో వెతికి దొరికిన తేదీ నమ్ముకుని బస్సెక్కొద్దు. కాకో అంటే గోండీలో అమ్మమ్మ. గోదావరి ఒడ్డున ఉన్న ఆ అమ్మమ్మ దగ్గరికి ఊరూరా గుంపులు డోళ్లు మోగించుకుంటూ వస్తాయి. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఆ చోటు కొంచెం సులువు, ఎందుకంటే జనం ఎక్కువ, మీరొక్కరే కొత్తముఖంలా కనబడరు. కానీ పాట సరిగ్గా వినాలంటే చిన్న ఊరే మేలు.

ఊళ్లోకి వెళ్లగానే మొదట పటేల్‌ను కలవండి. పటేల్ అంటే ఊరి పెద్ద. పూజలు చూసే ఆయన దేవారి. వంశదేవుడు పెర్సాపేన్ పూజ అయితే దానికి కటోడ అనే పూజారి ఉంటాడు. "రామ్ రామ్" అని పలకరిస్తే చాలు, "జై జంగో, జై లింగో" అన్నా సంతోషిస్తారు గానీ టీషర్టు మీద రాసుకున్నట్టు అరవక్కర్లేదు. ఎందుకొచ్చారో సూటిగా చెప్పండి: వినడానికి వచ్చాను, కుదిరితే కొంచెం రికార్డు చేసుకుంటాను, వద్దంటే చేసుకోను. ఈ చివరి మాట మీరే ముందు అనేయండి, వాళ్ల నోటితో వద్దనిపించే ఇబ్బంది పెట్టకండి, ఎందుకంటే ఇంటికొచ్చిన మనిషికి కాదని చెప్పడం వాళ్లకు చాలా కష్టం, ఆ మొహమాటాన్ని చాలామంది బయటివాళ్లు పర్మిషన్ అనుకుంటారు.

చేతిలో ఏం పట్టుకెళ్లాలి అంటే కొబ్బరికాయ, అగరొత్తులు, వండుకునే సరుకు ఏదైనా. దండారీ అంటే ఒక ఊరి గుంపు ఇంకో ఊరికి అతిథిగా వెళ్లడం, అక్కడ ఉండడం, తినడం, ఆడడం, మళ్లీ వాళ్లు వీళ్ల ఊరికి రావడం. ఇరవై ముప్పై మందికి అన్నం పెట్టే ఇంటికి వెళ్తూ మనం చేతులూపుకుంటూ వెళ్లడం బాగోదు. మందు సీసాలు మాత్రం తీసుకెళ్లొద్దు. ఇప్పసారా వాళ్ల పూజలో ఉండే వస్తువు, దాన్ని చూసి "ఓహో, ఇక్కడ తాగుడు నడుస్తుందన్నమాట" అనుకుని కారు డిక్కీలో కేసు పెట్టుకొచ్చిన బ్యాచ్‌ను నేను కళ్లారా చూశాను.

ఇప్పుడు వాద్యాల దగ్గరికి వద్దాం, అసలు సంగతి ఇక్కడే ఉంది.

భోగి నాడు ఇంట్లో దాచిన డోలు, గుమేల, వెట్టి, పేప్రె, కాలికోమ్, కోలలు, గుస్సాడీ నెమలీకల టోపీలు అన్నీ బయటికి తీసి ఒకచోట పెట్టి పూజ చేస్తారు. వీలైతే ఆ రోజే ఊళ్లో ఉండండి. ఆ పూజ చూస్తే, డోలును మనం కుర్చీలా పక్కకు జరపకూడదని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. నా స్నేహితుడొకడు బ్యాగు పెట్టుకోవడానికి చోటులేక గుమేల మీద ఆనించాడు. ఒక చిన్నపిల్లాడు, ఏడెనిమిదేళ్లుంటాయేమో, పరిగెత్తుకొచ్చి బ్యాగు తీసి నేలమీద పెట్టి, గుమేలకు దండం పెట్టి వెళ్లిపోయాడు. మావాడి ముఖం చూడాలి అప్పుడు. వాద్యాల దగ్గరికి చెప్పులతో వెళ్లకండి, దాటకండి, పట్టుకుని ఫొటో దిగాలనిపిస్తే అడగండి.

డోలు, గుమేల, వెట్టి లాంటి తోలు వాద్యాలు నడకను నడిపిస్తే, పేప్రె, కాలికోమ్ ఊదేవి, మనిషి గొంతు అందుకోలేని దూరానికి పిలుపు పంపేవి అవి. మొదటిసారి వినేవాడికి అంతా ఒకే హోరులా ఉంటుంది. దాన్ని విడగొట్టుకోవడానికి నేను చేసే పని ఒకటే: మొదటి అరగంట ఒక్క డోలునే పట్టుకుంటాను, మిగతావన్నీ ఉన్నా వినను. కాలితో తాళం వేస్తూ కూర్చుంటే దరువు మారిన చోటు కాలికే తెలుస్తుంది. మారగానే తలెత్తి చూడండి, ఏదో ఒకటి జరుగుతూ ఉంటుంది: గుంపు ఇంటి ముందుకొచ్చింది, ఆడవాళ్లు హారతి పళ్లెం తెచ్చారు, గుస్సాడీ లేచాడు, కోలల వరుస తిరిగింది. దరువు ఫలానా, పని ఫలానా అని ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి. రెండు రోజులు ఇలా చేస్తే మీ చేతిలో ఒక చిన్న పట్టిక తయారవుతుంది, ఆ ఊరి దరువుల పట్టిక. పక్క ఊరికి అది సరిపోతుందని గ్యారంటీ లేదు, మళ్లీ మొదటినుంచి వినాలి.

చుట్టూ తిరిగే వరుసను అడ్డంగా కోసుకుంటూ నడవకండి. మంచి యాంగిల్ కోసం మధ్యలోకి దూరే ఫొటోగ్రాఫర్లు ఉంటారు, వాళ్లను చూసి నేర్చుకోవద్దు.

గుస్సాడీల గురించి ఒక మాట. నెమలీకల టోపీ, దానికి జింక కొమ్ములు, పెట్టుడు గడ్డం, మేక తోలు, ఒంటినిండా బూడిద, చేతిలో కర్ర, ఈ వేషం ఇప్పుడు పోస్టర్లమీద అందరూ చూసిందే. మార్లవాయికి చెందిన కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చాక మరీ పేరొచ్చింది. ఆయన ఢిల్లీ గణతంత్ర వేడుకల దాకా ఈ ఆటను తీసుకెళ్లిన మనిషి, 2024 అక్టోబరులో పోయారు. స్టేజీ మీద ఆడే గుస్సాడీ కూడా ఒక కళే, నేను దాన్ని చిన్నచూపు చూడను. కానీ ఊళ్లో ఆ టోపీ పెట్టుకున్నవాడు దీక్షలో ఉంటాడు. ఏత్మాసూర్ పేన్ అనే దేవుడు ఆయన మీద ఉన్నట్టు నమ్ముతారు. దీక్ష అయ్యేదాకా స్నానం చేయడు, వేసిన బూడిద కడగడు, ఎక్కడపడితే అక్కడ కూర్చోడు. కాబట్టి భుజం మీద చేయి వేసి సెల్ఫీ దిగడం, కరచాలనం, టోపీ ఒకసారి పెట్టుకుంటానని అడగడం, ఇవేవీ వద్దు. ఆయనే మీ మీదికి కర్రతో ఉరికొస్తే భయపడకండి, నవ్వించడం, బెదిరించడం ఆ ఆటలో ఉన్నవే. పిల్లలు మాత్రం నిజంగానే జడుసుకుంటారు, చిన్నపిల్లలతో వెళ్తే కాస్త వెనక నిలబడండి.

మగవాళ్ల ఆట హోరులో పడి చాలామంది వదిలేసేది ఆడవాళ్ల పాట. చేతులు పట్టుకుని వరుసగా నిలబడి, ఒకళ్లు అందిస్తే మిగతావాళ్లు అందుకుని, మెల్లగా కదులుతూ పాడే పాటలు. వాద్యం ఉండకపోవచ్చు. వినడానికి ఇవే కష్టం, గుర్తుండిపోయేవీ ఇవే. వచ్చిన గుంపులో వరుసైన బావలు ఎవరున్నారో చూసి అప్పటికప్పుడు మాట కట్టి ఆటపట్టిస్తారు. గోండుల్లో నాలుగు దేవుళ్లవాళ్లు, ఐదు దేవుళ్లవాళ్లు, ఆరు, ఏడు అని నాలుగు 'సగా'లు, అంటే వంశాల గుంపులు, ఉన్నాయి. ఒకే సగా వాళ్లంతా అన్నదమ్ముల కింద లెక్క, పెళ్లి వేరే సగాతోనే. అందుకే వచ్చిన గుంపు ఏ సగా అన్నది ముందే కనుక్కుంటే ఆడవాళ్లు ఎవరిని చూసి నవ్వుతున్నారో మీకూ తెలుస్తుంది. మగవాళ్లు అక్కడికి రికార్డర్ పట్టుకుని వెళ్లి కూర్చుంటే పాట సగంలో ఆగుతుంది. మీతో వచ్చిన అక్కో, చెల్లో, భార్యో వెళ్తే ఆగదు.

మాటలు పట్టుకోవడం ఎలా అంటే, గోండీ మన భాషకు దూరపు చుట్టమే, ద్రావిడ భాషే. పేన్ అంటే దేవుడు, నార్ అంటే ఊరు, రోన్ అంటే ఇల్లు, యేర్ అంటే నీళ్లు. మన 'ఏరు' చెవిలో పడ్డట్టే ఉంటుంది. ఇలాంటి ఇరవై ముప్పై మాటలు ముందే నేర్చుకుని వెళ్తే పాట మొత్తం అర్థం కాదు గానీ ఎవరిని పిలుస్తున్నారో అర్థమవుతుంది. తెలుగు లిపిలోనే రాసుకోండి, కాకపోతే దీర్ఘాలు, చివర పొల్లు వచ్చే హల్లులు జాగ్రత్తగా పెట్టండి, మనకు అలవాటుగా చివర 'ఉ' చేర్చేస్తాం, పేన్ కాస్తా 'పేను' అయి కూర్చుంటుంది, అదేం బాగుంటుంది చెప్పండి. ఓపికున్నవాళ్లకు గోండీకి సొంత లిపి కూడా ఉంది. నార్నూరు మండలం గుంజాల ఊళ్లో దొరికిన రాతప్రతుల్లోని లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. ఆ లిపి నేర్చుకున్న పిల్లలు ఊళ్లో ఉంటే, అందులో పాట రాసి చూపించండి, వాళ్లే మీ తప్పులు దిద్దుతారు.

రికార్డింగ్ సంగతి. డోలు పక్కన ఫోన్ పెడితే వచ్చేది గరగరే. పది పన్నెండు అడుగుల దూరం వెళ్లండి, ఫోన్‌ను నేలమీద పెట్టకుండా ఏదైనా బట్టమీద పెట్టండి, గాలికి మైకు మీద పలుచటి రుమాలు వేయండి. వీడియో కంటే ఆడియో మంచిది, మీ కళ్లు ఖాళీగా ఉంటాయి. ఫైలుకు పేరు పెట్టేటప్పుడు ఊరు, తేదీ, ఆ సమయంలో ఏం జరుగుతోంది అన్న మూడూ రాయండి, 'దండారీ సూపర్ బీట్ 4' అని పెడితే ఏడాది తర్వాత మీకే అర్థం కాదు. మర్నాడు పొద్దున పాడినవాళ్ల దగ్గర కూర్చుని వినిపించండి. వాళ్లు నవ్వుతూ "ఇక్కడ మావాడు తప్పు పాడిండు" అని చెప్పే మాటల్లో మీకు దొరికేది ఏ పుస్తకంలోనూ దొరకదు. వాళ్లకు ఒక కాపీ ఇవ్వండి, మాటిచ్చి మర్చిపోవద్దు, మర్చిపోయినవాళ్ల లిస్టు ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. యూట్యూబ్‌లో పెట్టాలనుకుంటే దానికి విడిగా అడగండి. వినడానికి ఒప్పుకోవడం వేరు, ఊరంతటికీ పంచడానికి ఒప్పుకోవడం వేరు.

ఇక ప్రధాన్‌ల సంగతి. దండారీ చూసి "గోండుల సంగీతం చూసేశాను" అనుకుని వెనక్కి వచ్చేవాళ్లు సగం కూడా వినలేదు. గోండు వంశాల కథలు పాడే హక్కు ప్రధాన్‌లు, తోటీలు అనే రెండు తెగలవాళ్లది. ప్రధాన్‌లు ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీ, పాడేది గోండీ. చేతిలో కిక్రి, మూడు తీగల వాద్యం, కమానుతో వాయిస్తారు. ఒక్కో వంశానికీ ఒక్కో ప్రధాన్ కుటుంబం ఉంటుంది, ఆ వంశం పెర్సాపేన్ కథ ఎక్కడ పుట్టింది, ఏ నది దాటింది, ఏ చెట్టుకింద ఆగింది అన్నదంతా వాళ్ల గొంతులోనే ఉంటుంది. కొంత పాట, కొంత మాట, పక్కనున్నవాళ్లు చివరి ముక్క అందుకుంటూ ఉంటే రాత్రంతా నడుస్తుంది.

కిక్రికి ఎందుకంత గౌరవమో తెలియాలంటే హీరాసుక కథ వినాలి. దేవుళ్లు గుహలో బందీలై, ద్వారానికి పెద్ద బండ అడ్డంగా ఉంటే, గోండుల ఆదిగురువు లింగో వాళ్లను విడిపించడానికి వస్తాడు, హీరాసుక పాటాలీర్ తన వాద్యం మీటుతాడు, ఆ మోతకు లోపలున్నవాళ్లకు బలం వచ్చి బండను నెట్టేస్తారు, అది దొర్లి హీరాసుక మీదే పడుతుంది. మహారాష్ట్ర గోందియా జిల్లా కచార్‌గఢ్ గుహ అదేనని మాఘ పౌర్ణమికి వేలమంది అక్కడికి వెళ్తారు. కథ చెప్పే తీరు ప్రాంతాన్నిబట్టి మారుతుంది గానీ మొదటి ప్రధాన్ హీరాసుకే. మధ్యప్రదేశ్ మండ్లా వైపు ఇదే వాద్యాన్ని బానా అంటారు, సాజా చెట్టులో ఉండే బడాదేవ్‌ను లేపడానికి దాన్ని వాయిస్తారు. ఇప్పుడు గోండు చిత్రాలని మనం గోడలకు తగిలించుకుంటున్నవి అక్కడి ప్రధాన్‌ల చేతుల్లోంచి వచ్చినవే, పేరున్న చిత్రకారుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ కూడా ఆ కుటుంబాలవాడే.

అందుకని ప్రధాన్‌ దగ్గరికి వెళ్లి "ఒక రెండు నిమిషాల పాట పాడండి" అని అడగొద్దు. ఏ వంశం కథ, ఏ సందర్భానికి అన్నది లేకుండా ఆయన మొదలుపెట్టలేడు. పెద్దవాళ్ల కర్మల్లో పాడేది మామూలు రోజుల్లో పాడమనడం, సరదాగా ఎవరింట్లోనైనా శవయాత్ర మంత్రం చదవమన్నట్టే ఉంటుంది. వాద్యం గురించి అడగండి, ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడగండి, తీగలు దేనితో కట్టారో అడగండి, అక్కడినుంచి మాట సాగితే ఆయనే రెండు ముక్కలు అంటాడు. కర్మ జరుగుతున్న ఇంటికి మాత్రం పిలవకుండా వెళ్లకండి, పిలిచినా రికార్డర్ తీయకండి. డబ్బు విషయంలో బేరం వద్దు. ప్రధాన్‌కు ఇచ్చేది కూలి కాదు, ధాన్యం, బట్టలు, పశువుల రూపంలో తరతరాలుగా వంశం వాళ్లు ఇస్తూ వచ్చిన వాటా. మీరు ఇచ్చేది కూడా పళ్లెంలో పెట్టి, పెద్దవాళ్ల ముందు ఇవ్వండి. దండారీ గుంపుకైతే అందరికీ కలిపి పటేల్ చేతికి.

ఇదంతా గోండులకే అనుకోకండి. భద్రాద్రి, ములుగు వైపు కోయల్లో డోలీ అనేవాళ్లు ఇలాగే పడిగె (బొమ్మలున్న బట్ట) పట్టి సమ్మక్క సారలమ్మల కథ పాడతారు. 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య ఆ పాటవాడే. అక్కడికి వెళ్లినా ఈ పద్ధతే పనికొస్తుంది, వాద్యాల పేర్లూ వరుసలూ మాత్రం కొత్తగా నేర్చుకోవాలి.

కోలబోడి రోజు సాయంత్రం దాకా ఉండగలిగితే ఉండండి. ఆ రోజు గుస్సాడీ టోపీలు దిగుతాయి, వాద్యాలకు మళ్లీ పూజ జరుగుతుంది, అన్నీ ఇంటిలోపలికి వెళ్లిపోతాయి. వారం పైగా ఊరంతా మోగి, ఒక్కసారిగా ఆగిపోతే చెవులు గుయ్‌మంటాయి. ఆ తర్వాత ఎంత దగ్గరివాళ్లయినా "ఒకసారి డోలు తీయండి, రికార్డు సరిగ్గా రాలేదు" అని అడగకండి. రాకపోతే వచ్చే ఏడాది.

అంతదాకా ఆగలేకపోతే పుష్యమాసం వరకు ఆగండి. మెస్రం వంశం వాళ్లు గోదావరి హస్తినమడుగు నుంచి ఝరి అనే పాత్రలో నీళ్లు మోసుకుంటూ కాలినడకన ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌కు వస్తారు, పుష్య అమావాస్య రాత్రి నాగదేవుడు నాగోబాకు మహాపూజ. గుడికి వెళ్లే ముందు మర్రిచెట్ల కింద ఆగుతారు. జాతర రద్దీ, రంగులరాట్నం, మైకుల గోల అంతా ఒకవైపు, ఆ చెట్ల కింద ఇంకోవైపు. సాయంత్రానికల్లా అక్కడికి చేరుకోండి, చలి బాగా ఉంటుంది, దుప్పటి మర్చిపోవద్దు, ఎవరైనా జరిగి చోటిస్తే కూర్చోండి.